పదికీ పదకొండుకీ మధ్య

అపియాలో మాకిచ్చిన బస ఒక బడి.
మూడో తరగతి గదిలో బల్లలు గోడకు నెట్టి
ఇరవై ముగ్గురం నేల మీద పరుపులేసుకున్నాం.
నల్లబల్ల మీద ఎవరో సగం చెరిపిన ఏడో ఎక్కం,
దాని పక్కన కోచ్ రోజ్‌లీన్ గీసిన పట్టిక.
ఆడినవి, గెలిచినవి, ఓడినవి,
కొట్టినవి, తిన్నవి.

పాపువా దగ్గర ఎనిమిది తిన్నాం.
ఆ రాత్రి కొబ్బరిపాలలో ఉడికిన చేమదుంప
ఎవరికీ గొంతు దిగలేదు.
"పొద్దుట తిన్నది చాల్లే" అంది లెయిసాలే.
గోల్‌కీపర్ తనే, ఆ ఎనిమిదీ తన వెనకే పడ్డాయి,
అందుకని నవ్వడానికి మాకు ధైర్యం వచ్చింది.

సమోవా మీద రెండు తిని ఒకటి కొట్టాం.
కొట్టాం అనడం కూడా గొప్పకే.
కార్నర్ నుంచి వచ్చిన బంతి
లెయిమారా వీపుకి తగిలి లోపలికెళ్ళింది.
పట్టికలో వీపు అని రాయరు.
ఒకటి అనే రాస్తారు.

మైనస్ తొమ్మిది.
కిరాణా కొట్లో మా అమ్మ పద్దులా
అందరికీ కనపడేలా, సుద్దతో.

సాయంత్రం శంఖం ఊదితే ఊరు ఆగిపోతుంది.
ప్రార్థన వేళ. రోడ్డు మీద మనిషి కూడా
అడుగు తీసి అడుగు వెయ్యడు.
మేమూ ఆగాం, చేతుల్లో తడి సాక్సులతో,
నీళ్ళు కాళ్ళ మీద కారుతుంటే.
ఏం కోరుకోవాలో తెలియలేదు నాకు.
నేను రెండో గోల్‌కీపర్ని.
సీసాల్లో నీళ్ళున్నాయో లేదో చూసే ఉద్యోగం.

మూడో ఆట టోంగాతో.
డెబ్భై ఒకటో నిమిషంలో లెయిసాలే చిటికెనవేలు
ఉండాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగింది.
అప్పటికి ఒకటి-సున్నా, వాళ్ళదే పైచేయి.
నేను లేచి, తొడుక్కున్న కోటు విప్పి,
ఎవరికివ్వాలో తెలియక గడ్డి మీదే పడేశాను.

ఎదురుగా ఉంగతేయా.

తే పుకే తోటల్లో రెండు సీజన్లు
ఒకే వరుసలో కివీపండ్లు కోశాం,
పందిరి కింద మెడలు వెనక్కి విరిచి.
మొదటి వారం నా పండ్లన్నీ గీతలు పడి వెనక్కొచ్చాయి,
నా కూలీలోంచి కోసేశారు.
ఆ సాయంత్రం తనే నా మణికట్టు పట్టుకుని నేర్పింది.
"పిసక్కు. దాన్నే రానీ.
అరచెయ్యి కాస్త వెనక్కి తియ్యి,
ఎంత బరువో అదే చెప్తుంది."

పక్క ఊరి మైదానంలో ఇంకో ఆట.
ఆ కబురు రేడియోల్లోంచి గ్యాలరీ మీదికి దూకింది.
సమోవా ఓడిపోతోంది.
వాళ్ళ కోచ్ గీత దగ్గర నిలబడి వేలు చూపిస్తోంది.
ఒకటి. ఇంకొక్కటి పడితే టోంగా పైకి.

మాకా?
రాత్రికి రోజ్‌లీన్ తొమ్మిది చెరిపి పది వేస్తుంది.
లేదా పదకొండు.
సుద్ద ఖర్చు ఒకటే, వరుసా అదే, అడుగుది.

ఎనభై తొమ్మిది. వాన.
ఉంగతేయా ఎడమకాలితో కొట్టింది.
ఆలోచించే టైమే లేదని
తర్వాత అందరికీ చెప్పాను.
నిజానికి కాస్త ఉంది.
ఆ కాస్తలో తోటంతా పట్టింది,
ఆమె తమ్ముడి పెళ్ళి ఫోటో,
పంచుకున్న చేప రొట్టె, అంతా.

అరచెయ్యి కాస్త వెనక్కి తీశాను.

చప్పుడు కూడా కాలేదు.
తను నా మొహం వైపు చూడలేదు,
చేతుల వైపు చూసింది.

ఆట అయ్యాక స్టేడియం వెనక కొళాయి ఒక్కటే,
రెండు జట్ల బూట్లకీ.
వాళ్ళు మూడు, మేం నాలుగు,
ఇద్దరం ఇంటికే.
చాలాసేపు బురద మాత్రమే మాట్లాడింది.

"మార్చిలో వస్తున్నావా?" అని అడిగాను.
"వస్తే నా వరుసలోకి రాకు" అంది,
నా వైపు చూడకుండానే
సబ్బు ముక్క ఇటు జరుపుతూ.